ప్రేమకథకు మూడో వారం ఇవ్వండి: ఫిలిం ఛాంబర్ పెద్దలకు, నిర్మాతలకు, బయ్యర్లకు, థియేటర్ యజమానులకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

సినిమా ఆఫీసుల్లో ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది. "పీరియడ్ లవ్ స్టోరీయా? హీరో రైటరా? ఉత్తరాలు రాసుకుంటారా? వినడానికి బాగుందయ్యా, కానీ ఆడదు." కథ పట్టుకొచ్చిన కుర్రాడికి టీ ఇప్పించి, ఈ మాట చెప్పి పంపేస్తారు. వాడు కొన్నేళ్లు తిరిగి తిరిగి, అదే కథలో హీరో చేతిలోంచి కలం తీసేసి కత్తి పెట్టి మళ్లీ వస్తాడు. అప్పుడు అడ్వాన్స్ ఇస్తారు.

ఆడదనడానికి ఆధారం ఏమిటంటే కలెక్షన్లు చూపిస్తారు. సరే, కలెక్షన్ల గురించే మాట్లాడుకుందాం. నేను కోస్తా జిల్లాల్లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు తరఫున చాలా ఏళ్లు రిప్రజెంటేటివ్‌గా పనిచేశాను. బుకింగ్ కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని, ఏ ఆటకు ఏ క్లాసులో ఎన్ని తెగాయో రాసుకుని, సెకండ్ షో అయ్యాక డీసీఆర్ (రోజువారీ కలెక్షన్ రిపోర్ట్) మీద మేనేజర్ సంతకం పెట్టించుకుని ఆఫీసుకు కబురు చెప్పడం నా పని. కాబట్టి డబ్బు లెక్కంటే నాకు చిన్నచూపు లేదు. సినిమా కళ, దాన్ని రూపాయల్లో కొలవకూడదు అని వాదించడానికీ రాలేదు. కొలవండి. ఏ రోజు కొలుస్తున్నారు, దేంతో కొలుస్తున్నారు అన్న దగ్గరే నా పేచీ.

2021 డిసెంబరు 24న 'శ్యామ్ సింగ రాయ్' విడుదలైంది. నాని, సాయిపల్లవి, కృతిశెట్టి నటించారు, రాహుల్ సాంకృత్యన్ దర్శకుడు. కొంత కథ ఈ కాలంలో, అసలు కథ అయిదు దశాబ్దాల కిందటి బెంగాల్‌లో. హీరో రచయిత. అంటరానితనం మీద, దేవదాసీ వ్యవస్థ మీద తిరగబడే మనిషి. అతను ప్రేమించేది ఒక దేవదాసిని. ఈ కాలంలో జరిగే భాగం కూడా కాపీరైట్ కేసు చుట్టూనే తిరుగుతుంది. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు నవంబరు 30న వెళ్లిపోయారు. ఆయన పాటలు నెల తిరక్కుండానే ఈ సినిమాతో థియేటర్లలో మోగాయి. సాహిత్యం, ప్రేమ, పాతకాలం మూడూ ఉన్న తెలుగు సినిమా ఈమధ్య కాలంలో ఇంతకంటే స్పష్టంగా ఇంకోటి లేదు. అందుకే దీంతో మొదలుపెడుతున్నాను.

ఆ డిసెంబరు ఆంధ్రలో ఎలా ఉందో మీకు నేను చెప్పాలా? ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 ప్రకారం పంచాయతీ పరిధిలో ఏసీ లేని హాల్లో టికెట్ 5, 10, 15 రూపాయలు. హైకోర్టులో కేసు నడుస్తోంది. ఒకపక్క తనిఖీలు, ఇంకోపక్క మూతపడుతున్న థియేటర్లు. విడుదలకు ముందు థియేటర్ కంటే పక్కనున్న కిరాణా కొట్టు కలెక్షనే ఎక్కువని నాని అన్న మాట ఎంత దుమారం రేపిందో అందరికీ గుర్తుంది. దుమారం సంగతి పక్కనపెట్టి లెక్క చూద్దాం. 500 సీట్ల హాలు అనుకోండి. సీట్లన్నీ పై క్లాసువే, 15 రూపాయలవే అనుకోండి. హౌస్‌ఫుల్ బోర్డు పెట్టినా ఆటకు వచ్చేది 7,500. అదే రోజు ఓ నగరంలోని మల్టీప్లెక్స్‌లో 250 రూపాయల టికెట్ కొన్న 30 మంది కూడా సరిగ్గా 7,500 ఇస్తారు.

ఇప్పుడు చెప్పండి, మీ ట్రేడ్ లెక్కలో ఈ రెండు ఆటలూ ఒకటే. ఒకచోట 500 మంది సినిమా చూశారు, ఇంకోచోట 30 మంది చూశారు. కోటి రూపాయల షేర్ (పన్ను, హాలు అద్దె పోగా మిగిలేది) అని రాసినప్పుడు అందులో ఎంతమంది మనుషులున్నారో ఆ కాగితం చెప్పదు. రేట్లు అందరికీ ఒకటే కదా, పక్క సినిమాకూ అదే కష్టం కదా అంటారు. నిజమే. కానీ పెద్ద మాస్ సినిమా మొదటి మూడు రోజుల్లో నైజాం (తెలంగాణ) మల్టీప్లెక్సుల మీద, ఓవర్సీస్ మీద లాగేసుకుంటుంది. ఊళ్లో ఆడాళ్లు మెల్లగా మాట్లాడుకుని రెండో వారం వచ్చే సినిమాకు ఆ 5, 10 రూపాయల టికెట్లే దిక్కు. 2022 మార్చి 7న కొత్త జీవో వచ్చి రేట్లు సవరించారు. అప్పటికి ఈ సినిమా థియేటర్లలో లేదు.

ఎందుకు లేదంటే, జనవరి 21నే నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేసింది. సరిగ్గా 28 రోజులకి. ఆ మధ్యలో ఏం జరిగిందో చూడండి. కోవిడ్ మూడో వేవ్ భయంతో 'ఆర్ఆర్ఆర్', 'రాధేశ్యామ్' సంక్రాంతి నుంచి తప్పుకున్నాయి. ఏటా కొట్టుకుచచ్చే సంక్రాంతి సీజన్‌లో ఆ ఏడాది థియేటర్లు దొరికాయి. జబ్బు భయం ఉన్నమాట వాస్తవమే అయినా, పండక్కి ఊరొచ్చిన జనం సినిమాకు వెళ్లకుండా ఏమీ లేరు, 'బంగార్రాజు' చూశారు కదా. మూడు వారాల కిందట వచ్చి మంచి పేరు తెచ్చుకున్న సినిమాకు అది బంగారం లాంటి అవకాశం. కానీ ఇంకో వారంలో ఇంట్లోనే చూడొచ్చని తెలిసిన కుటుంబం ఆటో ఎక్కి థియేటర్‌కు ఎందుకొస్తుంది? అయినా ఈ సినిమాకు మంచి పేరే వచ్చింది, నాని చేసిన మంచి సినిమాల్లో ఒకటిగా చెప్పుకుంటున్నారు. నేననేది అది కాదు. ఇన్ని అడ్డంకుల మధ్య వచ్చిన అంకెను పట్టుకుని "రైటర్ కథలకు ఇంతే సీలింగ్" అని తేల్చేశారు చూడండి, దాని గురించి అంటున్నాను.

తర్వాతి ఏడాది 'సీతారామం' వచ్చింది. ఇది ఇంకా తమాషా.

2022 ఆగస్టు 1 నుంచి ప్రొడ్యూసర్స్ గిల్డ్ షూటింగులు ఆపేసింది. ఖర్చులు పెరిగాయి, ఓటీటీకి అలవాటుపడి జనం థియేటర్లకు రావడం మానేశారు, ఏం చేయాలో కూర్చుని తేల్చుకుందాం అన్నారు. మీరు మీటింగుల్లో ఉండగానే, ఆగస్టు 5న ఒకే రోజు రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి 'బింబిసార', రెండోది 'సీతారామం'. ఆ తర్వాత వారంలో 'కార్తికేయ 2'. మూడూ ఆడాయి. జనం ఎందుకు రావట్లేదో తేల్చడానికి మీరు వేసిన కమిటీలు పని పూర్తిచేసేలోపే జనం వచ్చేశారు.

వాటిలో 'సీతారామం' దారి వేరు. తెలుగు రాష్ట్రాల్లో మొదటి రోజు ఊపు 'బింబిసార'దే. 'సీతారామం' హీరో దుల్కర్ సల్మాన్ మలయాళీ, 'మహానటి'తో మనకు పరిచయమైనవాడే గానీ, ఇక్కడ ఓపెనింగ్స్ తెచ్చే అభిమాన సంఘాలు లేనివాడు. మృణాల్ ఠాకూర్‌కు తెలుగులో అదే మొదటి సినిమా. దర్శకుడు హను రాఘవపూడికి అంతకుముందు రెండు సినిమాలు కలిసిరాలేదు. కథ చూస్తే 1964 కశ్మీర్, అనాథ అయిన ఒక లెఫ్టినెంట్, అతనికి సీతామహాలక్ష్మి పేరుతో వచ్చే ఉత్తరాలు, ఇరవై ఏళ్లు ఆలస్యంగా చేరాల్సిన ఒక ఉత్తరం. ఆఫీసులో ఎవరికి చెప్పినా "బాగుందయ్యా, కానీ" అనే కథే ఇది. యుద్ధంతో రాసిన ప్రేమకథ అని పోస్టర్ మీదే వేసుకున్నారు పాపం, యుద్ధం అన్న మాట లేకపోతే ఎవరొస్తారో అని భయపడ్డారో ఏమో.

మౌత్ టాక్ అంటే ఏంటో ఆ సినిమాతో ఏరియాల వారీగా సినిమా హక్కులు కొనే కొత్త తరం బయ్యర్లు చూశారు. శుక్రవారం కంటే ఆదివారం బాగుంది. సోమవారం పడాల్సినంత పడలేదు. రెండో వారం ఆడవాళ్లు, ఆ తర్వాత వాళ్ల అమ్మలు వచ్చారు. అమెరికాలో మిలియన్ డాలర్లు దాటింది. స్టార్ల సినిమాలకు అది ప్రీమియర్ రోజుల్లోనే దాటే గీత కావచ్చు, ఈ సినిమా మాత్రం ఒక్కో టికెట్ కూడబెట్టుకుంటూ అక్కడికి చేరింది. ఇందులోనూ సిరివెన్నెల గారి పాట ఉంది, కానున్న కల్యాణం. పాట విని సినిమాకు వచ్చినవాళ్లు, సినిమా చూసి పాటను పెళ్లి వీడియోల్లో పెట్టుకున్నవాళ్లు ఎంతమందో.

మరి ఇంత జరిగాక ఏం చేశారు? సెప్టెంబరు 9న ప్రైమ్ వీడియోలో తెలుగు, తమిళ, మలయాళ వెర్షన్లు వచ్చేశాయి. అయిదు వారాలు. హిందీ డబ్బింగ్ సెప్టెంబరు 2న థియేటర్లలో వేశారు, ఓటీటీకి నవంబరులో గానీ ఇవ్వలేదు. అంటే కథ ఎవరి భాషలో పుట్టిందో వాళ్లకు అయిదు వారాల గడువు, డబ్బింగ్ చూసేవాళ్లకు రెండు నెలలకు పైగా. ఒప్పందాలు వేరు, హక్కులు కొన్నవాళ్లు వేరు, నాకు తెలుసు. ఫలితం మాత్రం ఇదీ. ఏ సినిమా అయితే అయిదో వారం, ఆరో వారం కూడా ఆదివారం మ్యాట్నీకి మనుషుల్ని రప్పించగలదో, దాన్నే పట్టుకుని అయిదో వారంలో ఇంటికి పంపేశారు.

ఈ కథలకు వచ్చే ప్రేక్షకుడు ఎవరో కౌంటర్ దగ్గర కూర్చున్నవాడికి తెలుస్తుంది. మొదటి రోజు ఉదయం ఆటకు వచ్చేవాడు కాదు. వాడు హీరో కోసం వస్తాడు, కథ కోసం రాడు, అది వాడి హక్కు. ఈ కథల ప్రేక్షకుడు ముందు ఎవరినన్నా అడుగుతాడు. ఎక్కువసార్లు అడుగుతుంది అనాలి. ఆఫీసులో పక్క సీటు ఆవిడ చూసొచ్చిందా, కాలేజీలో తెలుగు మాస్టారు ఏమన్నారు, అక్క ఏడ్చిందా లేదా. ఆ సమాధానం వచ్చేసరికి మొదటి ఆదివారం దాటిపోతుంది. తర్వాత ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వీలు కుదరాలి. పిల్లల పరీక్షలు, జీతం రోజు, మామగారి షుగర్ టెస్టు, ఇవన్నీ తప్పుకోవాలి. అలా కుదిరేది రెండో ఆదివారం మ్యాట్నీ, లేదా మూడో శనివారం ఫస్ట్ షో.

ఆ రోజు ఫోన్ తెరిచి చూస్తే ఏముంటుంది? ఊరి మొత్తానికి ఆ సినిమాకు రెండు ఆటలు మిగిలి ఉంటాయి. ఒకటి ఉదయం 10.20కి, ఒకటి రాత్రి 10.40కి. వంట చేసుకునే ఇల్లాలు ఉదయం పదింటికి రాలేదు. అరవై దాటిన మనిషి రాత్రి ఒంటిగంట దాటాక ఇల్లు చేరలేడు. ఆ రెండు ఆటలకూ పన్నెండు మంది కూర్చుంటారు. "చూశారా, ఆక్యుపెన్సీ లేదు" అని మర్నాడు ఆ రెండూ తీసేస్తారు. ఇది నేను డీసీఆర్ రాసిన రోజుల్లోనూ జరిగింది, ఇప్పుడు యాప్‌లో పచ్చ, పసుపు రంగుల్లో ఇంకా తొందరగా జరుగుతోంది. అన్నం వడ్డించే వేళకు విస్తరి తీసేసి, వీళ్లకు ఆకలి లేదన్నట్టుంది మన పద్ధతి.

ఇక్కడ నిజాయితీగా ఇంకో సినిమా సంగతి చెప్పుకోవాలి, లేకపోతే ఇది ఏకపక్షం అవుతుంది. 2023 ఏప్రిల్ 14న 'శాకుంతలం' వచ్చింది. కాళిదాసు కథ. మన సాహిత్యంలో అంతకంటే గొప్ప ప్రేమకథ ఏముంది? సమంత, గుణశేఖర్, త్రీడీ, అయిదు భాషలు. రెండుసార్లు తేదీ మారి వచ్చింది. మొదటి రోజే తేలిపోయింది. దానికి ఆరు వారాలు ఇచ్చినా, ఎనిమిది వారాలు ఇచ్చినా ఒరిగేదేమీ లేదు. చూసొచ్చినవాళ్లు పక్కవాళ్లకు వెళ్లమని చెప్పలేదు, అంతే. మూడో వారం అనేది బాగున్న సినిమాకు ఉపయోగపడే గడువు, బాగోలేనిదాన్ని అది బతికించదు. కానీ ఆ సినిమా పోయాక మీ ఆఫీసుల్లో ఏమన్నారో గుర్తు తెచ్చుకోండి. "క్లాసిక్ లవ్ స్టోరీలకు రోజులు పోయాయి" అన్నారు. ఆ ముందు ఏడాదే 'సీతారామం' చూసి చప్పట్లు కొట్టినవాళ్లే అన్నారు. ఒక మాస్ సినిమా పోతే డైరెక్టర్ తప్పు, ఫైట్లు ఎక్కువైపోయాయి, సెకండాఫ్ లాగ్ అని విడివిడిగా కారణాలు వెతుకుతారు. మాస్ సినిమాలకు రోజులు పోయాయని ఎవ్వరూ అనరు. ఒక ప్రేమకావ్యం పోతే మాత్రం ఆ జాతి మొత్తాన్ని దోషిగా నిలబెడతారు.

ఇందులో థియేటర్ యజమానుల తప్పు నేను పెద్దగా పట్టను. సింగిల్ స్క్రీన్ వాళ్ల బాధ నాకు తెలుసు. కరెంటు, జీతాలు, మున్సిపల్ పన్ను ఎవరూ ఆపరు. మొదటి వారం అద్దె మీద ఆడించి, కలెక్షన్లు పడిపోయాక రెండో వారం నుంచి పర్సెంటేజీ అంటే వాళ్లకు మిగిలేదేంటి? 2025 మే నెలలో వాళ్లు అడిగింది కూడా అదే, మల్టీప్లెక్సుల్లా మాకూ పర్సెంటేజీ ఇవ్వండని. జూన్ 1 నుంచి మూసేస్తాం అన్నారు, పెద్ద రాజకీయం అయింది, మూయలేదు. ఆ గొడవలో ఎవరు ఎవరి మీద కత్తి దూశారన్న వార్తల్లో పడి అసలు విషయం పక్కకు పోయింది.

అసలు విషయం ఏంటంటే, ఈ అద్దె పద్ధతిలోనే మెల్లగా ఎక్కే సినిమాకు మరణశాసనం ఉంది. మొదటి వారం అద్దె ముందే వస్తోంది కాబట్టి హాల్లో ఎంతమంది ఉన్నా యజమానికి తేడా లేదు. రెండో వారం పర్సెంటేజీ మీద పడేసరికి కొత్త శుక్రవారం కొత్త సినిమా అద్దె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. రెండో వారం పెరగబోయే సినిమాను ఉంచుకుంటే ఎంతొస్తుందో తెలియదు, కొత్తదాన్ని వేసుకుంటే ఖాయంగా ఇంత అని తెలుసు. నేనే యజమానినైనా కొత్తదే వేస్తాను. ఈ తరహా సినిమాలకైనా మొదటి ఆట నుంచి పర్సెంటేజీ పెట్టండి. వారాలు పెరిగేకొద్దీ థియేటర్ వాటా పెరిగేలా రాసుకోండి. మల్టీప్లెక్సుల్లో దాదాపు ఇదే నడుస్తోంది కదా. మూడో వారం సగానికి పైగా తనదే అని తెలిస్తే, ఆ యజమానే ఊళ్లో ఆటో పెట్టి ప్రచారం చేయించుకుంటాడు.

పాతరోజుల్లో ఈ సమస్య ఇంతగా లేకపోవడానికి గొప్ప ఆదర్శాలేమీ కారణం కాదు. ప్రింట్లు ఖరీదు. అందుకని ముందు పెద్ద సెంటర్లలో కొన్ని ప్రింట్లు వేసేవాళ్లు, అవి అరిగాక చిన్న సెంటర్లకు వెళ్లేవి. షిఫ్టింగుతో (ఒక హాలు నుంచి ఇంకో హాలుకు మారుస్తూ) వంద రోజులు అని పోస్టర్ వేసుకోవడం మామూలే. విజయవాడలో చూసినవాడి మాట పల్లెకు చేరేసరికి రీళ్ల డబ్బా కూడా చేరేది. మాట, సినిమా దాదాపు ఒకే వేగంతో నడిచాయి. 1953లో 'దేవదాసు' వచ్చింది. బెంగాలీ నవల, హీరో ఆఖర్న చచ్చిపోతాడు, ఫైట్ లేదు. చక్రపాణి గారి అనువాదాల పుణ్యమా అని ఆ నవల రాసిన శరత్‌బాబు మనవాడే అనుకునే పాఠకులు అప్పటికే ఇంటింటా ఉన్నారు. వాళ్లే ఆ సినిమాకు మొదటి ప్రచారకర్తలు. సాహిత్యం చదివేవాడు వందమందిని వెంటబెట్టుకుని రాగలడు. కాకపోతే వాడికి కాస్త టైమ్ కావాలి. డిజిటల్ వచ్చాక ఒకే ఉదయం వెయ్యి తెరల మీద వేయగలుగుతున్నాం, మాట మాత్రం ఇంకా మనిషి నుంచి మనిషికే వెళ్తోంది. వాట్సాప్‌లో టాక్ క్షణంలో వస్తుంది కదా అనకండి. వాట్సాప్‌లో వచ్చేది రేటింగ్. "నువ్వు తప్పకుండా చూడాలే" అనేది అక్క ఫోన్ చేసి చెప్పాల్సిందే.

బయటి దేశాల పంపిణీదారులు ఈ రకం సినిమాలను ఎలా వదులుతారో మీకు నాకంటే బాగా తెలుసు, అయినా ఒకటి రెండు గుర్తుచేస్తాను. 'షేక్‌స్పియర్ ఇన్ లవ్' 1998 డిసెంబరులో అమెరికాలో పదికి లోపు థియేటర్లతో మొదలైంది. నెల తర్వాత గానీ పెద్దగా విస్తరించలేదు. మార్చిలో ఏడు ఆస్కార్లు వచ్చేదాకా నడుస్తూనే ఉంది. చివరికి ఒక్క ఉత్తర అమెరికాలోనే 10 కోట్ల డాలర్లు. ఇంకోటి చిన్నది. కవి కీట్స్, ఫ్యానీ బ్రాన్ ప్రేమ మీద 2009లో వచ్చిన 'బ్రైట్ స్టార్'. అదీ ఇరవైకి లోపు థియేటర్లతోనే అక్కడ మొదలైంది, ప్రపంచమంతా కలిపి సుమారు కోటీ 40 లక్షల డాలర్లు తెచ్చింది. అది బ్లాక్‌బస్టర్ కాలేదు, కావాలని ఎవరూ అనుకోలేదు కూడా. పాతిక సంవత్సరాలకే క్షయతో చనిపోయిన కవి కథకు ఎంతమంది వస్తారో ముందే అంచనా వేసుకుని, అంతలో తీశారు, అందుకు తగ్గట్టే విడుదల చేశారు. మనం అదే కథ తీస్తే 1,200 స్క్రీన్లలో వేసి, సోమవారం పొద్దున డిజాస్టర్ అని ముద్ర వేసేవాళ్లం.

నిర్మాతలకు ఇక్కడే నాదొక విన్నపం. పాతకాలం అనగానే కోట్లకు కోట్లు సెట్లు వేయాలని ఎవరు చెప్పారు? 'శ్యామ్ సింగ రాయ్'కి హైదరాబాద్‌లో కోల్‌కతా వీధులు కట్టారు, బాగున్నాయి, కాదనను. కానీ ఇద్దరు మనుషులు ఉత్తరాలు రాసుకునే కథకు ఒక ఇల్లు, ఒక రేడియో, ఒక పోస్టాఫీసు, సరైన బట్టలు చాలు. మిగతా డబ్బుతో మాటలు బాగా రాయించండి. ఖర్చు పెరిగేకొద్దీ హీరో మార్కెట్ కావాలి, హీరో మార్కెట్ అంటే ప్రీ రిలీజ్ బిజినెస్, ఆ బిజినెస్ రికవర్ కావాలంటే మొదటి మూడు రోజులే దిక్కు. మొదటి మూడు రోజుల జనం ఈ కథకు రారని ఇందాకే చెప్పుకున్నాం. నైజాం, సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర అంటూ మొత్తం డబ్బు ముందే తీసుకునే అవుట్‌రైట్ రేట్లకు అమ్మేసి బయ్యర్ మెడ మీద కత్తి పెట్టాక, వాడు ఓపిక పట్టమంటే ఎలా పడతాడు? వచ్చినదాంట్లో పంపిణీదారుకు ఇంత అని కమిషన్ మీద విడుదల చేసుకోండి. తక్కువ హాళ్లు తీసుకోండి. ప్రతి ఊళ్లో ఒక మంచి హాలు, అందులో మ్యాట్నీ, ఫస్ట్ షో మూడు వారాలపాటు మారకుండా రాయించుకోండి. నాలుగు హాళ్లలో నాలుగేసి ఆటలు మూడు రోజులు ఆడించడం కంటే అదే మేలు.

ఆటల వేళలు రాతపూర్వకంగా రక్షించడం కొత్త ఆలోచనేమీ కాదు. 2022 మార్చి నాటి ఏపీ జీవోలోనే, అయిదో ఆట వేసుకునే చోట ఒక ఆట చిన్న బడ్జెట్ సినిమాకు ఇవ్వాలని, అదీ ఉదయం 11 నుంచి రాత్రి 9 లోపు ఉండాలని పెట్టారు. ఎంతవరకు అమలైందో మీ మనస్సాక్షికి తెలుసు. కానీ వేళ కూడా ముఖ్యమే అని ప్రభుత్వం గుర్తించిందంటే, మీలో మీరు రాసుకునే ఒప్పందంలో గుర్తించడానికి అడ్డమేముంది?

ఓటీటీ గడువు సంగతికొస్తే, ఎనిమిది వారాలు అని 2022 ఆగస్టులో తీర్మానం చేసింది మీరే. బయటివాళ్లెవరూ మీ మీద రుద్దలేదు. ఆ తర్వాత సంక్రాంతి సినిమాలు కూడా నాలుగు వారాలకే ఫోన్లోకి వచ్చేస్తుంటే మీలో ఒక్కరూ అడగలేదు. అన్ని సినిమాలకూ ఎనిమిది వారాలు కుదరదు, ఓటీటీ డబ్బు లేకపోతే సగం సినిమాలు మొదలే కావు, ఒప్పుకుంటాను. అయితే సినిమాను బట్టి మార్చుకోండి. మొదటి వారంలోనే ముప్పావు వంతు వసూలయ్యే సినిమా నాలుగు వారాలకు వెళ్లినా పోయేదేం లేదు. రెండో వారం మొదటి వారంతో దాదాపు సమానంగా నిలబడిన సినిమాకు గడువు దానంతటదే ఇంకో నాలుగు వారాలు పెరిగేలా ఓటీటీ ఒప్పందంలో ఒక షరతు పెట్టండి. థియేటర్‌లో ఎక్కువకాలం ఆడిన సినిమాకు వాళ్ల దగ్గర కూడా గిరాకీ ఉంటుంది. 'హను-మాన్' 2024 సంక్రాంతికి హైదరాబాద్‌లో హాళ్లు దొరక్క అల్లాడి, తర్వాత ఎలా పెరిగిందో, ఓటీటీకి రెండు నెలలు ఆగి ఎలా వెళ్లిందో చూశాం. అది వేరే తరహా సినిమా అయినా షరతు దానికీ పనికొచ్చేది.

చివరిగా లెక్కల మాట. మీరు వేసే వంద కోట్ల గ్రాస్ పోస్టర్ చూసి మురిసిపోయే వయసు ప్రేక్షకుడికి దాటిపోయింది. టికెట్ ధరలోంచి ముందు జీఎస్టీ పోతుందని, మిగతాదాంట్లో హాలు అద్దె పోగా మిగిలేదే షేర్ అని ఇప్పుడు డిగ్రీ చదివే పిల్లలు కూడా చెబుతున్నారు. షేర్ ఎంతో మీరు నిజం చెప్పరు, చెబితే ఇన్‌కమ్ ట్యాక్స్ భయం, హీరోకు కోపం. పోనీ అది వద్దు. తెగిన టికెట్ల సంఖ్య చెప్పండి. ఆన్‌లైన్ బుకింగ్ వచ్చాక అది దాచగలిగే అంకె కూడా కాదు. వారంవారం, జిల్లాల వారీగా, ఏ ఆటకు ఎన్ని టికెట్లు తెగాయో ఛాంబర్ తరఫున ఒక కాగితం విడుదల చేస్తే చాలు. రూపాయి లెక్కలో కనపడని ఆ 500 మంది అందులో కనపడతారు. మ్యాట్నీకి ఎంతమంది వచ్చారో, మూడో ఆదివారం ఎంతమంది మిగిలారో తెలుస్తుంది. రేపు మళ్లీ ఒక కుర్రాడు కవి కథ పట్టుకుని వచ్చినప్పుడు, ఆ కాగితం చూసి బేరం ఆడొచ్చు. అతనికీ తన కథకు ఎంత ఖర్చు పెట్టించాలో తెలుస్తుంది.

వచ్చే జనరల్ బాడీ మీటింగులో ఈ మూడు విషయాలు ఎజెండాలో పెట్టమని కోరుతున్నాను: ఈ రకం సినిమాలకు మొదటి ఆట నుంచి పర్సెంటేజీ, మూడు వారాలు కదలని మ్యాట్నీ, వారంవారం టికెట్ల సంఖ్య. అన్ని ఊళ్లలో ఒకేసారి కుదరకపోతే ఒక జిల్లాలో ఒక్క సినిమాతో చేసి చూడండి. గోదావరి జిల్లాల్లో చేస్తే డీసీఆర్‌లు రాయడానికి నేను ఊరికే వస్తాను, భోజనం పెడితే చాలు.

ఇట్లు,
ఒక మాజీ ఫిల్మ్ రిప్రజెంటేటివ్